విమానంలో రియర్ ఫేసింగ్ కార్ సీటు: ఇంట్లో ప్రాక్టీసు నుంచి దిగేదాకా

కార్లో పిల్లల సీటు బిగించడానికి మనకి చాలా ఆధారాలుంటాయి. పిల్లల సీటుని కారుకి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలుంటాయి, భుజం మీదుగా దిగే బెల్టు ఉంటుంది, కొన్ని సీట్లకి కింద నేలకి ఆనే కాలు కూడా ఉంటుంది. విమానం ఎకానమీ సీటులో ఇవేవీ ఉండవు. ఉండేది ఒక్క నడుము బెల్టు. ఆ ఒక్క బెల్టుతో మీ కార్ సీటు కదలకుండా బిగుస్తుందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. విమానంలో తేల్చుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

మా పెద్దమ్మాయికి ఏడు నెలలప్పుడు ఈ సంగతి నాకు తెలీదు. పాపకి విడిగా టికెట్ కొన్నాం. కార్ సీటు మోసుకుంటూ విమానం ఎక్కాం. తీరా బెల్టు ఎక్కించబోతే ఆ సీటుకి నడుము బెల్టు పోయే దారే లేదు. భుజం బెల్టు వెనక నుంచి చుట్టి వస్తేనే నిలబడేలా దాన్ని తయారుచేశారు. నా వెనక నడవలో జనం ఆగిపోయారు. చివరికి కార్ సీటుని లగేజీలోకి పంపేసి, డబ్బు కట్టిన సీటుని ఖాళీగా ఉంచి, పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో ఒకసారి విమానం గట్టిగా కుదిపింది. పాప తల నా గడ్డానికి తగిలింది. దెబ్బేమీ కాలేదు కానీ, రెండు చేతులతో పట్టుకుని ఉన్నా ఆ క్షణంలో తను నా చేతుల్లోంచి పైకి లేవడం నాకు స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలతో చాలా ప్రయాణాలు చేశాం, ప్రతిసారీ సీటుతోనే. వాటిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒళ్లో పెట్టుకుంటే సరిపోదా?

రెండేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి దాదాపు అన్ని ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి. చట్టం ఒప్పుకుంటోంది కాబట్టి క్షేమమే అనుకుంటాం. కానీ విమానయాన భద్రత చూసే సంస్థలే ఆ మాట అనడం లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, పిల్లలకి అన్నిటికన్నా క్షేమమైన చోటు పెద్దవాళ్ల ఒడి కాదనీ, ఆమోదం ఉన్న సీటేననీ తల్లిదండ్రులకి నేరుగానే చెబుతుంది. అనుకోకుండా కుదుపు వచ్చినప్పుడు చేతులతో పిల్లల్ని పట్టి ఆపడం కష్టం అన్నదే కారణం.

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో ఒక డీసీ-10 విమానం అత్యవసరంగా దిగుతూ కూలిపోయింది. అందులో ఒళ్లో ప్రయాణిస్తున్న పసివాళ్లు నలుగురు. అప్పట్లో ఉన్న పద్ధతి ప్రకారం వాళ్లని నేల మీద పడుకోబెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకి చెప్పారు. వాళ్లలో ఒక బాబు బతకలేదు. ఆ తర్వాత అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ, పసిపిల్లలందరికీ విడిగా సీటు తప్పనిసరి చేయమని సిఫారసు చేసింది. ఎఫ్ఏఏ తప్పనిసరి చేయలేదు. అదనపు టికెట్ భారం పడితే చాలా కుటుంబాలు విమానం మానేసి కార్లో బయల్దేరతాయనీ, రోడ్డు మీద ప్రమాదం ఇంకా ఎక్కువనీ దాని వాదన. ఆ వాదనలో నిజముంది. అందుకే నా మాట ఇది: టికెట్ కొనగలిగితే తప్పకుండా కొనండి. కొనలేకపోతే మాత్రం తప్పు చేస్తున్నామని కుమిలిపోకండి.

యూరప్ ఎయిర్‌లైన్స్‌లో ఒళ్లో పిల్లలకి పెద్దవాళ్ల బెల్టుకి తగిలించే చిన్న లూప్ బెల్టు ఇస్తారు. అమెరికా ఎయిర్‌లైన్స్‌లో టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో దాన్ని వాడనివ్వరు. బెల్టు బిడ్డని పెద్దవాళ్ల శరీరానికి, ముందు సీటుకి మధ్య నొక్కేస్తుందన్న భయమే దానికి కారణం. రెండు పెద్ద వ్యవస్థలు ఒకే బెల్టు గురించి ఇంత వేరుగా ఆలోచిస్తున్నాయంటే, కార్ సీటుకి అది సాటి కాదని నాకు అర్థమైంది.

వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలా?

9 కిలోల లోపు పిల్లలకి రియర్ ఫేసింగ్, అంటే బిడ్డ మొహం వెనక్కి తిరిగి ఉండే సీటు వాడమని ఎఫ్ఏఏ సూచన. అంతకన్నా ముందు చూడాల్సింది మీ సీటు మాన్యువల్. ఫలానా బరువు, ఫలానా వయసు వచ్చేదాకా వెనక్కే తిప్పి ఉంచాలని అందులో ఉంటే విమానంలోనూ అంతే. ఏడాది నిండని బిడ్డ విషయంలో అసలు ఆలోచించక్కర్లేదు. తల బరువు ఎక్కువ, మెడ లేతగా ఉంటుంది. ఏదైనా జరిగితే ఆ తాకిడిని సీటు డొప్ప మొత్తం వీపు మీద పరుచుకునేలా చేస్తుంది.

ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకి రెండు వైపులా తిరిగే కన్వర్టిబుల్ సీటు ఉండి, మాన్యువల్ ప్రకారం ముందుకు తిప్పే కనీస బరువు, వయసు దాటి ఉంటే విమానం వరకు ముందుకు తిప్పుకోవచ్చు. బిగించడం తేలిక, చోటు తక్కువ పడుతుంది. కానీ వెనక్కి తిప్పడంలో ఒక లాభముంది. పిల్లల కాళ్లు వాళ్ల సీటు వీపుకే తగులుతాయి. ముందు కూర్చున్నవాళ్ల వీపు మీద తన్నులు పడవు.

లేబుల్ చూడండి, ఫోటో తీసుకోండి

అమెరికా ప్రమాణాలతో తయారైన సీటు అయితే, మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడటానికి సర్టిఫై అయిందని ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. డొప్ప పక్కనో, అడుగునో, ఒక్కోసారి గుడ్డ కవరు కిందో దాక్కుని ఉంటుంది. యూరప్ సీట్లకి ఆర్44 లేదా ఆర్129 లేబుల్ ఉంటుంది. అది కార్ల కోసం. విమానంలో పనికొస్తుందని పరీక్షించిన వాటికి జర్మనీ పరీక్షల సంస్థ టీయూవీ వాళ్ల ‘ఫర్ యూజ్ ఇన్ ఎయిర్‌క్రాఫ్ట్’ గుర్తు విడిగా ఉంటుంది. అమెరికా ఎయిర్‌లైన్స్ ఐక్యరాజ్యసమితి ప్రమాణాల లేబుల్ (ఈ ఆర్44, ఆర్129 అవే) ఉన్న సీట్లని కూడా ఒప్పుకుంటాయి. మిగతా ఎయిర్‌లైన్స్ నియమాలు ఎవరివి వాళ్లవి, కాబట్టి మీరు ఎక్కబోయే ఎయిర్‌లైన్ ఏ లేబుల్ అడుగుతుందో ముందే కనుక్కోండి.

లేబుల్ దొరికాక మాన్యువల్లో విమానం గురించి రాసిన పేజీ వెతకండి. అక్కడ మూడు విషయాలు తేలాలి. ఒకటి, నడుము బెల్టు ఒక్కదానితోనే బిగించడానికి అనుమతి ఉందా. ఐసోఫిక్స్ కావాలన్నా, భుజం బెల్టు కావాలన్నా, కింద కాలు ఆనాలన్నా ఆ సీటు విమానంలో పనికిరాదు. మాకు మొదటిసారి జరిగింది ఇదే. రెండు, బేస్, అంటే కార్లో బిగించి ఉంచే అడుగు భాగం, వాడొచ్చా. చిన్నపిల్లల బుట్ట సీట్లలో చాలావాటికి బేస్ లేకుండా మాత్రమే విమానం అనుమతి ఉంటుంది. ఇది మంచి వార్తే, మోసే బరువు తగ్గుతుంది. మూడు, పట్టుకునే హ్యాండిల్ ఏ స్థితిలో ఉండాలి.

ఈ పేజీని, లేబుల్‌ని ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. విమానంలో నెట్ లేనప్పుడు అవే మీ ఆధారం. సీటు గడువు తేదీ కూడా చూడండి. ఎప్పుడైనా ప్రమాదానికి గురైన సీటైతే దాన్ని వాడకండి.

కొలతలు

16 అంగుళాల లోపు వెడల్పున్న సీటు చాలా విమానాల్లో పడుతుందని ఎఫ్ఏఏ లెక్క. అంటే సుమారు 40 సెంటీమీటర్లు. ఎకానమీ సీటు చేతుల మధ్య ఎక్కువగా 17 నుంచి 18 అంగుళాలుంటుంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, అందరూ కార్ సీటు పై భాగాన్ని, అంటే తల దగ్గర వెడల్పుని కొలుస్తారు. అది ఆర్మ్‌రెస్ట్‌లకి పైన ఉంటుంది, దానితో ఇబ్బంది తక్కువ. కొలవాల్సింది ఆర్మ్‌రెస్ట్ ఎత్తులో వచ్చే భాగాన్ని. కప్పు హోల్డర్లు తీసేసి కొలవండి. మీ వైపు ఆర్మ్‌రెస్ట్ పైకి లేపుకోవచ్చు, కిటికీ వైపుది చాలాసార్లు లేవదు.

వెనక్కి తిప్పిన సీటుకి వెడల్పు కన్నా పొడవుతోనే ఎక్కువ గొడవ. ఎకానమీలో ఒక సీటు నుంచి ముందు సీటు దాకా దూరం సాధారణంగా 28 నుంచి 32 అంగుళాలు. పెద్ద కన్వర్టిబుల్ సీటుని బాగా వాల్చి పెడితే తల భాగం ముందు సీటు వీపుకి ఆనుకుంటుంది. బేస్ లేని బుట్ట సీటు అయితే ఈ బాధ చాలా తక్కువ. నన్నడిగితే, బిడ్డ ఇంకా బుట్ట సీటులో పడుతుంటే విమానానికి అదే తీసుకెళ్లండి.

టికెట్, ఏ సీటు ఎంచుకోవాలి

బిడ్డకి సీటు కచ్చితంగా ఉండాలంటే విడిగా టికెట్ కొనాలి. చాలా వెబ్‌సైట్లలో ‘ఇన్‌ఫెంట్’ అని నొక్కగానే ఒళ్లో టికెట్ అయిపోతుంది. ‘సీటుతో ఇన్‌ఫెంట్’ అన్న ఎంపిక కనపడకపోతే ఫోన్ చేసి బుక్ చేయించుకోండి. అప్పుడే ఒక ప్రశ్న విడిగా అడగండి: టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో కూడా కార్ సీటుని వెనక్కి తిప్పి ఉంచొచ్చా? ‘కార్ సీటు తెచ్చుకోవచ్చు’ అన్న మాటలో ఈ జవాబు లేదు. ఆ జవాబుని ఈమెయిల్‌లో తెప్పించుకుని దాచుకోండి. వెళ్లేటప్పటికి రెండేళ్లు నిండకపోయినా తిరిగొచ్చేటప్పటికి నిండితే ఆ రెండో ప్రయాణానికి సీటు తప్పనిసరి, ఇది కూడా గుర్తుంచుకోండి.

సీటు కిటికీ పక్కనే తీసుకోండి. కార్ సీటు కదలదు. అత్యవసరంగా బయటికి పోవాల్సి వస్తే మరో ప్రయాణికుడికి అది అడ్డు కాకూడదు. అందుకే క్రూ కూడా కిటికీ పక్కకే పంపుతారు. రెండు నడవలున్న పెద్ద విమానాల్లో మధ్య వరుసలోని నడిమి సీటుకి కూడా కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసలోనూ, దానికి సరిగ్గా ముందు వెనక వరుసల్లోనూ పెట్టకూడదు.

బెల్టులో గాలి సంచి ఉండే సీట్లుంటాయి. బెల్టు లావుగా, దిండులా కనిపిస్తుంది. వాటిలో కార్ సీటు బిగించకూడదు. క్యాబిన్ మొదటి వరుసల్లోనూ బిజినెస్ క్లాసులోనూ ఇవి ఎక్కువ. పక్కకి వాలుగా ఉండే బిజినెస్ సీట్లు కూడా పనికిరావు. మొదటి వరుసలో ముందు సీటు వాలే గొడవ ఉండదు కదా అని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. కానీ అక్కడ ట్రే టేబుల్ ఆర్మ్‌రెస్ట్ లోపల ఉంటుంది కాబట్టి ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, చోటు ఇరుకవుతుంది. నేనైతే మామూలు వరుసే తీసుకుంటాను. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఒకరు బిడ్డ పక్కన, మరొకరు సరిగ్గా బిడ్డ ముందు సీటులో కూర్చోండి. ముందు సీటు వాల్చుకునే హక్కు మీ ఇంట్లోవాళ్లదే అవుతుంది, మాటా మాటా వచ్చే అవకాశమే ఉండదు.

మధ్యలో విమానం మారాలంటే రెండో విమానం చిన్నదేమో చూసుకోండి. చిన్న విమానాల్లో సీట్లు ఇంకా ఇరుకుగా ఉండొచ్చు.

ఇంట్లో ప్రాక్టీసు

ఇది అరగంట పని. దీన్ని మాత్రం వదిలేయకండి.

కార్ సీటుని సోఫా మీద వెనక్కి తిప్పి పెట్టండి. సూట్‌కేసుకి చుట్టే బెల్టు ఒకటి తీసుకోండి, అదే మీ విమానం బెల్టు. ఇప్పుడు రియర్ ఫేసింగ్ బెల్టు దారి ఎక్కడుందో వెతకండి. చాలా సీట్లకి ఈ దారి నీలం గుర్తుతో ఉంటుంది, ముందుకు తిప్పినప్పుడు వాడే దారి ఎర్ర గుర్తుతో ఉంటుంది. కన్వర్టిబుల్ సీటులో రియర్ ఫేసింగ్ దారి బిడ్డ తొడల కింద, మోకాళ్ల దగ్గర వస్తుంది. రెండో దారి వీపు వెనక. హడావుడిలో ఈ రెండూ మారిపోతాయి, బెల్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ సీటు నిలబడదు.

బెల్టుని ఒక వైపు నుంచి దూర్చి రెండో వైపు లాగండి. గుడ్డ కవరు ఎక్కడ ఎత్తితే చెయ్యి పడుతుందో చూసుకోండి. మూడు నాలుగుసార్లు చేశాక కళ్లు మూసుకుని చేయండి. ఇది అతిగా అనిపించొచ్చు. విమానంలో మీరు వంగి ఉంటారు, పై సామాన్ల అర తలకి తగులుతుంటుంది, వెలుతురు చాలదు, మీ చేతులు కనపడవు. చూసి చేసే పని కాదు అది, తడిమి చేసే పని. మా ఆయన వేళ్లు లావు, ఆ సందులో పట్టవు. అది సోఫా మీదే తెలిసింది కాబట్టి బెల్టు దూర్చే పని నాది, పైనుంచి నొక్కే పని తనది అని ముందే పంచుకున్నాం.

బిడ్డ హార్నెస్, అంటే బిడ్డని కార్ సీటులో కట్టే పట్టీలు, కూడా ఇంట్లోనే సరిచేయండి. వెనక్కి తిరిగి కూర్చునే పిల్లలకి భుజం పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి.

ఎయిర్‌పోర్టులో

చెకిన్ దగ్గర సీటుని లగేజీలో వేయకండి. క్యాబిన్‌లోకి తీసుకెళ్తున్నామని చెప్పి, బోర్డింగ్ పాసు మీద బిడ్డకి సీటు నంబరు పడిందో లేదో అక్కడే చూసుకోండి. సెక్యూరిటీ దగ్గర బిడ్డని బయటికి తీయాలి, సీటు ఎక్స్‌రే మిషన్‌లోకి వెళ్తుంది. పట్టకపోతే చేత్తో తనిఖీ చేస్తారు. పడుకున్న పాపని లేపాల్సొస్తుందని బాధ అనిపిస్తుంది, కానీ తప్పదు.

గేటు దగ్గర సిబ్బందికి ఒక్కసారి చెప్పి, పిల్లలున్నవాళ్లని ముందు పిలిచినప్పుడే ఎక్కేయండి. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు కార్ సీటుతో ముందు వెళ్లి బిగించండి, మరొకరు బిడ్డతో కాసేపు బయట ఆగి తర్వాత రండి. ఒక్కరే వెళ్తుంటే బిడ్డని గుండెకి కట్టుకునే క్యారియర్‌లో పెట్టుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

నడవలో సీటుని కింద మోయకండి, ప్రతి ఆర్మ్‌రెస్ట్‌కీ తగులుతుంది. అమెరికా డిజైన్ నియమాల ప్రకారం పెద్ద ప్రయాణికుల విమానాల్లో నడవ కనీస వెడల్పు నేల నుంచి 25 అంగుళాల ఎత్తు దాకా 15 అంగుళాలు, ఆపైన 20 అంగుళాలు. అంటే ఆర్మ్‌రెస్ట్‌లు దాటాక దారి వెడల్పు అవుతుంది. సీటుని ఛాతీ ఎత్తుకి ఎత్తి, పక్కకి తిప్పి పట్టుకుని నడవండి.

సీటు బిగించడం

ముందు విమానం సీటు వీపు నిటారుగా ఉందో చూడండి. మీ వైపు ఆర్మ్‌రెస్ట్ పైకి లేపండి. బెల్టు రెండు ముక్కల్నీ చెరోవైపు పరిచి, బకిల్ ఉన్న వైపు బెల్టుని పూర్తిగా వదులు చేయండి. కార్ సీటు పెట్టాక కింద ఇరుక్కున్న బెల్టుని లాగడం చాలా కష్టం, ఈ ఒక్క నిమిషం పొదుపు చేయకండి.

కార్ సీటుని వెనక్కి తిప్పి, అంటే బిడ్డ మొహం విమానం సీటు వీపు వైపు ఉండేలా పెట్టండి. కోణం రియర్ ఫేసింగ్‌కి చెప్పిన స్థాయిలో పెట్టండి. బెల్టుని రియర్ ఫేసింగ్ దారిలోంచి దూర్చి అవతలికి తీయండి. ఎక్కడా మెలిక పడకూడదు.

ఇప్పుడు బకిల్ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. విమానం బకిల్ కార్ బకిల్‌లా మీట నొక్కితే ఊడేది కాదు. దాని పైరేకుని పైకి ఎత్తాలి. ఆ రేకు లేవడానికి చోటు కావాలి. బెల్టు బిగించాక ఆ రేకు ప్లాస్టిక్ డొప్పకి గట్టిగా ఆనుకుని ఉంటే దిగేటప్పుడు అది లేవదు. మా చిన్నవాడి మొదటి ప్రయాణంలో అలాగే ఇరుక్కుంది. బిగించేటప్పుడు ఇంత బాగా బిగిసిందని సంతోషపడ్డాను. విమానం ఆగాక పది నిమిషాలు వేళ్లతో గీరుతూనే ఉన్నాను, గోరు కింద రక్తం వచ్చింది, రేకు మాత్రం లేవలేదు. చివరికి క్రూలో ఒకావిడ కార్ సీటుని మోకాలితో బలంగా కిందకి అదిమి పట్టుకుంటే బెల్టు కాస్త వదులై రేకు లేచింది. ప్రమాదంలో పది నిమిషాలు ఎక్కడుంటాయి? అందుకే బకిల్ పెట్టేటప్పుడే రేకు ఏ వైపు తిరిగి ఉంటే వేలు దూరుతుందో చూసి, అవసరమైతే బకిల్‌ని తిప్పి పెట్టండి.

బకిల్ టక్కుమన్నాక, ఒక చేత్తో బెల్టు దారి దగ్గర సీటుని మీ బరువంతా వేసి కిందకి నొక్కుతూ, రెండో చేత్తో బెల్టు వదులు కొసని లాగండి. ఒకేసారి గట్టిగా లాగడం కన్నా నొక్కుతూ కొద్దికొద్దిగా లాగితే బాగా బిగుస్తుంది. ఇద్దరుంటే ఒకరు నొక్కండి, ఒకరు లాగండి.

పరీక్ష ఇలా చేయండి. బెల్టు వెళ్లే చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదపండి. అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. తల వైపు పట్టుకుని ఊపి చూడకండి. రియర్ ఫేసింగ్ సీటు అక్కడ కొంత ఊగుతుంది, అది మామూలే. రేకుని మరోసారి వేలితో ఎత్తి చూడండి. ఎత్తితే బెల్టు ఊడిపోతుంది, ఫర్వాలేదు, మళ్లీ బిగించండి. ఆర్మ్‌రెస్ట్ దించండి.

బెల్టు పొట్టిదైతే క్రూని ఎక్స్‌టెండర్, అంటే బెల్టు పొడవు పెంచే ముక్క, అడగండి. ఒక్కోసారి బెల్టు సరిపోయినా బకిల్ సరిగ్గా డొప్ప అంచు మీద పడి బిగుసుకోదు. అప్పుడు కూడా ఎక్స్‌టెండర్ వేస్తే బకిల్ పక్కకి జరుగుతుంది. సీటు మరీ నిటారుగా నిలబడి పసిబిడ్డ తల ముందుకు పడుతుంటే, మాన్యువల్ ఒప్పుకుంటేనే, కార్ సీటు అడుగున టవల్ చుట్టి పెట్టి కోణం సరిచేయండి. బకిల్ గుచ్చుకుంటుందని బిడ్డ కింద దిండ్లు, దుప్పట్లు పరచకండి. కవరుని దాని మీదకి లాగితే చాలు.

బిడ్డని కూర్చోబెట్టడం, ప్రయాణం

లావు జాకెట్ తీసేయండి. హార్నెస్ బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత చేతికి రాకూడదు. ఛాతీ క్లిప్ ఉన్న సీటైతే అది చంకల ఎత్తులో ఉండాలి. విమానంలో చలి వేస్తుంది, దుప్పటి హార్నెస్ పైన కప్పండి, కింద కాదు.

చెవుల సంగతి చాలామందికి టెన్షన్. పైకి ఎక్కేటప్పుడు కన్నా కిందకి దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. దిగడం నేల తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది. సీటు బెల్టు గుర్తు వెలిగేదాకా ఆగకుండా పాలసీసా, నిప్పుల్ సిద్ధంగా పెట్టుకోండి. తల్లిపాలే తాగే బిడ్డ అయితే దిగడం మొదలవ్వగానే, గుర్తు వెలగకముందే ఒకసారి పట్టించి, తిరిగి సీటులో కట్టేయండి. ఆ తర్వాత ఏడ్చినా బయటికి తీయకండి. ఏడుపు కూడా చెవులు తెరుచుకోవడానికి సాయం చేస్తుంది. వినడం కష్టమే, పక్కవాళ్లు చూస్తుంటే ఇంకా కష్టం. వేలు పట్టుకోనివ్వండి, మొహం కనపడేలా వంగండి.

నెలల పిల్లలు నిద్రపోతే గడ్డం ఛాతీకి ఆనకుండా చూస్తుండండి. తల ముందుకు వాలితే ఊపిరి దారి ఇరుకవుతుంది. మీకు నిద్ర ముంచుకొస్తే పక్కన మెలకువగా ఉండే పెద్దవాళ్లకి అప్పజెప్పండి. గుర్తు ఆరినప్పుడు బిడ్డని తీసి ఎత్తుకోవచ్చు, తిప్పొచ్చు. నిద్రలో ఉంటే మాత్రం కట్టే ఉంచండి. హార్నెస్ సగం విప్పి వదిలేయడం అసలు వద్దు, జారిన పట్టీ మెడకి చుట్టుకోవచ్చు.

ముందు సీటు వాలకపోవడం గురించి అక్కడ కూర్చున్నవాళ్లకి మొదట్లోనే మీరే చెప్పండి. ‘పాప సీటు వల్ల మీ సీటు వాలకపోవచ్చండీ, ఏమీ అనుకోకండి’ అని ముందే అంటే చాలామంది సర్దుకుంటారు. వాల్చబోయి ఆగిపోయాక చెబితే కోపం వస్తుంది.

క్రూ ఒప్పుకోకపోతే

క్రూలో అందరికీ రియర్ ఫేసింగ్ సీటు అలవాటు ఉండదు. ముందుకు తిప్పమని ఒకసారి మాకు చెప్పారు. మా బాబుకి అప్పుడు తొమ్మిది నెలలు. నేను వాదించలేదు. ఫోన్ తీసి లేబుల్ ఫోటో, ఆ తర్వాత మాన్యువల్ పేజీ, ఆ తర్వాత ఎయిర్‌లైన్ ఈమెయిల్ చూపించాను. ఆవిడ తన పైవాళ్లని అడిగి వచ్చి సరేనన్నారు. ఆ మూడు ఫోటోలు లేకపోతే మాట ఎటు పోయేదో.

అమెరికా ఎయిర్‌లైన్స్‌లో అయితే నియమం మీ పక్షానే ఉంది. బిడ్డకి టికెట్ ఉండి, సీటుకి ఆమోదం ఉంటే దాన్ని వాడనివ్వాలి. ఆ ఒక్క చోట పట్టకపోతే అదే తరగతిలో పట్టే మరో సీటుకి మార్చాలి. ఇతర ఎయిర్‌లైన్స్‌లో నియమాలు తేడాగా ఉంటాయి కాబట్టే ఈమెయిల్ గురించి అంత నొక్కి చెప్పాను. ఎంత చెప్పినా ఒప్పుకోకపోతే విమానంలో క్రూ మాటే చివరి మాట. మరో వరుసకి మార్చమని అడగండి, ఫిర్యాదు ఏదైనా ఉంటే దిగాక రాసుకోండి.

దిగేటప్పుడు

అందరూ దిగేదాకా కూర్చోండి. బిడ్డని ముందు బయటికి తీసి ఒకరి చేతికివ్వండి. ఖాళీ సీటుని బెల్టు దారి దగ్గర మోకాలితో కిందకి నొక్కితే బెల్టు సడలుతుంది, అప్పుడు రేకు ఎత్తండి. బెల్టుని దారిలోంచి మెల్లగా లాగండి, విసురుగా లాగితే బకిల్ ఇనుము డొప్పకి కొట్టుకుంటుంది. సందులో పడిపోయిన నిప్పుల్, బొమ్మ, సాక్సు కార్ సీటు ఎత్తాకే కనపడతాయి, ఒకసారి చేయి పెట్టి చూడండి.

దిగిన ఊళ్లో ఇదే సీటుని కార్లో వాడబోతుంటే అక్కడి చట్టం దాన్ని ఒప్పుకుంటుందో బయల్దేరే ముందే చూసుకుని ఉండాలి. అమెరికా సీటుకి యూరప్ రోడ్ల మీద, యూరప్ సీటుకి అమెరికా రోడ్ల మీద అనుమతి లేదు, విమానంలో ఒప్పుకున్నా సరే. బుట్ట సీటు అయితే బేస్ లేకుండా కార్ బెల్టుతో బిగించే పద్ధతి కూడా సోఫా ప్రాక్టీసు రోజే చూసి పెట్టుకోండి. ఎక్స్‌టెండర్ తీసుకుని ఉంటే దాన్ని విప్పి క్రూ చేతికి ఇచ్చేయండి. అది సీటుకి వేలాడుతూనే ఉండిపోవడం నేను రెండుసార్లు గమనించక నడవ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను.